డాస్ కాలపు ఖాతాల ప్రోగ్రామును విండోస్ 11లో నడపడం ఎలా

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెబుతాను. ఇదే చిక్కులో ఉన్న మరొకరికి కూడా సమాధానం ఉపయోగపడాలి కదా. మీ దగ్గర క్లిప్పర్‌లో (విండోస్‌కు ముందు నాటి డాస్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం డేటాబేస్ ప్రోగ్రాములు రాయడానికి వాడిన భాష) రాసిన ఖాతాలు, సరుకు నిల్వల ప్రోగ్రాము ఉంది. 32 బిట్ విండోస్ 7 కంప్యూటర్లో అది ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా నడిచింది. ఆ కంప్యూటర్ పాడైంది, హార్డ్ డిస్కు మాత్రం దక్కింది. విండోస్ 11 ఉన్న కొత్త యంత్రంలో డబుల్ క్లిక్ చేస్తే ‘ఈ యాప్ మీ పీసీలో నడవదు’ అన్న సందేశం వస్తోంది. కంపాటిబిలిటీ ట్యాబులో ఏది మార్చినా ఫలితం లేదు. ప్రోగ్రాము రాసినవారు అందుబాటులో లేరు. ముగ్గురు ఒకే డేటాను వాడాలి, యూఎస్‌బీ ప్రింటర్ మీద బిల్లులు రావాలి.

మీ ప్రోగ్రాము విండోస్ 11లో నడుస్తుంది. దాన్ని తెర మీదికి తెప్పించడానికి అరగంట చాలు. అసలు శ్రమ ఆ తర్వాత మొదలవుతుంది. ఇద్దరు ఒకేసారి ఒకే ఖాతాను తెరిచినప్పుడు డేటా చెడకుండా ఉండాలి, కాగితం మీద అంకెలు వాటి వరుసల్లోనే పడాలి. చాలామంది మెనూ కనిపించగానే పని అయిపోయిందనుకుంటారు. నెల తిరిగేసరికి నిల్వలు కలవక తలపట్టుకుంటారు. కాబట్టి ఏ సాధనం వాడాలనేది ప్రోగ్రాము తెరుచుకుందా లేదా అన్నదాన్ని బట్టి కాదు, ఈ రెండు పనుల్ని బట్టి తేల్చుకోండి.

అన్నిటికంటే ముందు ఆ పాత డిస్కును కాపాడుకోండి. దాన్ని వేరే యంత్రానికి తగిలించి మొత్తం డిస్కుకు ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు, తీయండి. కేవలం ప్రోగ్రాము ఫోల్డరును కాపీ చేసుకుంటే సరిపోదు. విండోస్ ఫోల్డర్ లోపలి సిస్టమ్32లో ఆటోఎగ్జెక్.ఎన్‌టీ, కాన్ఫిగ్.ఎన్‌టీ అనే రెండు చిన్న ఫైళ్లు ఉంటాయి. ఒకేసారి ఎన్ని ఫైళ్లు తెరవవచ్చు, ఏ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాములు చదువుకునే, పేరున్న అమరిక) పెట్టాలి వంటి సంగతులు వాటిలోనే రాసి ఉంటాయి. క్లిప్పర్ ప్రోగ్రాములు తమ పేరుతోనే ఉన్న క్లిప్పర్ అనే వేరియబుల్‌ను చూసుకుంటాయి. అందులో ఎఫ్ అక్షరం పక్కన ఉన్న అంకె, తెరవగల ఫైళ్ల సంఖ్య. అది లేకపోతే ప్రోగ్రాము మొదలై, రెండో మూడో మెనూలో చతికిలబడుతుంది. కారణం అంతుపట్టదు. డెస్క్‌టాప్ మీది పాత షార్ట్‌కట్ ఏ బ్యాచ్ ఫైలును పిలుస్తోందో కూడా చూసి రాసుకోండి. ఇమేజ్ తీశాక ఒక కాపీ మీద మాత్రమే ప్రయోగాలు చేయండి.

కంపాటిబిలిటీ ట్యాబు ఎందుకు పనిచేయదో తెలిస్తే అక్కడ ఇంకా కాలం వృథా కాదు. డాస్ ప్రోగ్రాములు 16 బిట్ రియల్ మోడ్ కోసం, అంటే తొలి పీసీల ప్రాసెసర్లు పనిచేసిన పద్ధతి కోసం, రాసినవి. ఇంటెల్ 1985లో తెచ్చిన 80386 ప్రాసెసర్‌లో వర్చువల్ 8086 అనే ఏర్పాటు ఉంది. ఒక ప్రోగ్రామును ‘నువ్వు పాత 8086 మీదే ఉన్నావు’ అని నమ్మించే ఏర్పాటు అది. 1993 నాటి విండోస్ ఎన్‌టీ నుంచి 32 బిట్ విండోస్ 10 దాకా ఎన్‌టీవీడీఎం అనే భాగం దాని ఆధారంగానే డాస్ ప్రోగ్రాముల్ని నడిపింది. ప్రాసెసర్ 64 బిట్ లాంగ్ మోడ్‌లో ఉన్నప్పుడు ఆ ఏర్పాటు అందుబాటులో ఉండదు. అందుకే 64 బిట్ విండోస్‌లో ఎన్‌టీవీడీఎం లేదు. విండోస్ 11కు 32 బిట్ రూపమే లేదు. కంపాటిబిలిటీ ట్యాబు విండోస్ ప్రోగ్రాములకు పాత విండోస్ అలవాట్లను చూపించగలదు గానీ లేని భాగాన్ని పుట్టించలేదు.

అసలు మీది డాస్ ప్రోగ్రామేనా అన్నది కూడా నిర్ధారించుకోవాలి. నల్ల తెర మీద అక్షరాలు కనిపించేదంతా డాస్ కాదు. ఈఎక్స్ఈ ఫైలును హెక్స్ ఎడిటర్‌లో (ఫైలులోని బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపే సాధనం) తెరిస్తే మొదట ‘ఎంజెడ్’ అనే రెండక్షరాలు ఉంటాయి. కొంచెం ముందుకు వెళ్తే ‘ఎన్ఈ’ అని ఉందంటే అది 16 బిట్ విండోస్ ప్రోగ్రాము, ‘పీఈ’ అని ఉందంటే 32 లేదా 64 బిట్ విండోస్ ప్రోగ్రాము. ఈ రెండూ లేకపోతే అది డాస్‌దే అయ్యే అవకాశం ఎక్కువ. 16 బిట్ విండోస్ ప్రోగ్రాములకు వైన్‌వీడీఎం అనే ఉచిత సాధనం ఉంది, దాని దారి వేరు. క్లిప్పర్ అంటున్నారు కాబట్టి మీది డాస్‌దే అనుకుని ముందుకు వెళ్తాను.

ఇంటర్నెట్‌లో వెతికితే అందరూ చెప్పేది డాస్‌బాక్స్. 2002లో మొదలైన ఈ ఎమ్యులేటర్ ప్రాసెసర్ నుంచి సౌండ్ కార్డు దాకా పాత పీసీ మొత్తాన్నీ సాఫ్ట్‌వేర్‌లో అనుకరిస్తుంది. అందువల్ల అసలు ప్రాసెసర్ ఏదైనా దానికి ఫరక్ పడదు, ఏఆర్ఎం రకం ప్రాసెసర్ ఉన్న విండోస్ మీద కూడా నడుస్తుంది. అద్భుతమైన పని అది. కానీ దాన్ని తయారు చేసింది ఆటల కోసం. మీ పనికి మూల డాస్‌బాక్స్‌ను నేను సిఫారసు చేయను, కారణాలు చెబుతాను. ఒకటి, పలువురు ఒకే డేటా ఫైలును రాసేటప్పుడు అవసరమయ్యే రికార్డు లాకింగ్ (ఒకరు దిద్దుతున్న రికార్డును మరొకరు రాయకుండా ఆపడం) అందులో సరిగా లేదు. రెండు, ఎల్‌పీటీ ప్రింటింగ్ (పాత పీసీల ప్యారలల్ ప్రింటర్ పోర్టు ద్వారా ముద్రణ) లేదు. మూడోది చిన్నదిగా కనిపించినా ప్రమాదకరం. కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కితే డాస్‌బాక్స్ ఏమీ అడగకుండా అక్కడికక్కడే మూసుకుపోతుంది. డాస్ కాలపు వర్డ్ ప్రాసెసర్ వర్డ్‌పర్ఫెక్ట్ 5.1లో అదే కలయిక మెర్జ్, సార్ట్ పనికి వాడేవారు. డేటాబేస్ ప్రోగ్రామైతే ఇండెక్సు (రికార్డుల్ని త్వరగా వెతికిపెట్టే ఫైలు) సగం రాసి ఆగిపోతుంది. ఒంటరిగా వాడే, డేటా రాయని ప్రోగ్రాముకైతే డాస్‌బాక్స్ హాయిగా సరిపోతుంది. అప్పుడు కూడా కంట్రోల్, ఎఫ్1 నొక్కితే వచ్చే కీమ్యాపర్‌లో ఆ మూసివేత మీటను తీసేయండి.

మీకు తగినవి రెండు. మొదటిది వీడాస్. డాస్‌బాక్స్ కోడ్ ఆధారంగానే తయారైనా, లక్ష్యం పూర్తిగా కార్యాలయ ప్రోగ్రాములు. ఆటల్ని, శబ్దాన్ని పక్కన పెట్టి లాకింగ్, ప్రింటింగ్, చక్కటి అక్షరాల మీద దృష్టి పెట్టింది. అమర్చుకోవలసినవి రెండు చిన్న టెక్స్ట్ ఫైళ్లలోనే ఉంటాయి. రెండోది డాస్‌బాక్స్-ఎక్స్. ఇది డాస్‌బాక్స్ నుంచి చీలి పెరిగిన పెద్ద వృక్షం, ఇందులో మార్చగలిగే అమరికలు వందల్లో ఉంటాయి. అంత స్వేచ్ఛ చూసి బెదిరిపోకండి, మీకు కావలసినవి నాలుగైదే. ముందు వీడాస్‌తో ప్రయత్నించమంటాను. అది మీ ప్రోగ్రాముకు పడకపోతే డాస్‌బాక్స్-ఎక్స్‌కు వెళ్లండి. ముగ్గురు వాడతారు కాబట్టి ఏది ఎంచుకున్నా మూడు యంత్రాల్లోనూ అదే పెట్టండి. ఒకరు ఇది, ఒకరు అది అంటే లాకులు ఒకదానికొకటి అర్థం కాకపోవచ్చు.

ఫోల్డరు ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యమే. ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల వద్దు, అక్కడ రాయడానికి విండోస్ అడ్డుపడుతుంది. డాక్యుమెంట్స్ ఫోల్డరు క్లౌడుకు తనంతట తాను కాపీ అయ్యే ఏర్పాటు ఉంటే అక్కడా వద్దు. తెరిచి ఉన్న డేటా ఫైలును మరో సాఫ్ట్‌వేర్ ముట్టుకోవడం ఎప్పటికైనా ముప్పే. సీ డ్రైవు మూలంలో చిన్న పేరుతో ఒక ఫోల్డరు చేయండి. ఎనిమిది అక్షరాలకు మించని పేరు, మధ్యలో ఖాళీ లేని పేరు. ఎమ్యులేటర్‌లో సీ డ్రైవు మొత్తాన్ని మౌంట్ చేయకండి (అంటే ప్రోగ్రాముకు డ్రైవుగా చూపించకండి), ఈ ఫోల్డరును మాత్రమే చేయండి. ఇక్కడ ఒక మేలు ఉంది. మీ పాత ప్రోగ్రాము డేటాను ఎఫ్ డ్రైవులోనే వెతుకుతుందనుకోండి, కొత్త యంత్రంలో ఎఫ్ లేకపోయినా పర్వాలేదు. ఏ ఫోల్డరునైనా ఎఫ్ అని ప్రోగ్రాముకు చూపించవచ్చు.

ఇక లాకింగ్. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే తప్పు జరిగినా వెంటనే కనిపించని చోటు ఇదే. క్లిప్పర్, ఫాక్స్‌ప్రో వంటి డేటాబేస్ భాషల్లో రాసినవాటిలో సర్వర్ అంటూ వేరే ప్రోగ్రాము ఉండదు. ప్రతి యంత్రమూ నెట్‌వర్క్ మీదున్న డీబీఎఫ్ అనే డేటా ఫైలును, దాని ఎన్‌టీఎక్స్ లేదా సీడీఎక్స్ ఇండెక్సును తానే తెరిచి, తానే రాస్తుంది. ఒకరు రికార్డును దిద్దుతున్నప్పుడు రెండోవారిని ఆపేది డాస్‌కు వెళ్లే లాక్ అభ్యర్థన ఒక్కటే. ఎమ్యులేటర్ ఆ అభ్యర్థనను విండోస్‌కు, విండోస్ దాన్ని సర్వర్‌కు చేరవేయాలి. మధ్యలో ఎవరైనా ‘సరే, లాక్ అయింది’ అని ఊరికే తలూపితే ఇద్దరూ రాసేస్తారు. ఎర్రర్ ఏదీ రాదు, ఇండెక్సు మాత్రం లోపల చెడిపోతుంది. డాస్‌బాక్స్-ఎక్స్‌లో డాస్ విభాగం కింద ‘ఫైల్ యాక్సెస్ ట్రైస్’ అనే అమరిక ఉంది. నెట్‌వర్క్ డేటాబేస్ ప్రోగ్రాములకు దాన్ని 3గా పెట్టమని దాని తయారీదారులే గట్టిగా చెబుతారు. దాన్ని పెట్టకుండా ముగ్గురూ పని మొదలుపెట్టకండి.

మాటల్ని నమ్మకుండా మీరే పరీక్షించండి. రెండు యంత్రాల్లో ప్రోగ్రామును తెరిచి, ఒకదానిలో ఒక ఖాతాను దిద్దుబాటుకు తీసి అలాగే వదిలేయండి. రెండోదానిలో అదే ఖాతాను తీయండి. ‘వేరొకరు వాడుతున్నారు’ అన్న సందేశం వచ్చినా, రెండో యంత్రం ఆగి వేచి ఉన్నా లాకులు పనిచేస్తున్నట్టే. రెండూ చక్కగా తెరుచుకుని రెండూ సేవ్ అయితే అక్కడితో ఆపేయండి. ఆ ఏర్పాటు మీకు పనికిరాదు. తర్వాత రెండు యంత్రాల నుంచి ఒకేసారి కొత్త బిల్లులు చేర్చుతూ పోయి, ఇండెక్సును మళ్లీ కట్టించి, చేర్చినన్నీ ఉన్నాయో లేవో లెక్క చూడండి.

లాకులు సరిగా ఉన్నా ఇండెక్సులు చెడుతుంటే కారణం విండోస్ నెట్‌వర్క్ కావచ్చు. వేగం కోసం ప్రతి యంత్రమూ సర్వర్ మీది ఫైలులో కొంత భాగాన్ని తన దగ్గరే దాచుకుంటుంది. ఈ అలవాటును ఆప్‌లాక్ అనీ లీజ్ అనీ అంటారు. వర్డ్ ఫైళ్లకు అది మేలే, పంచుకునే డీబీఎఫ్ ఫైళ్లకు మాత్రం కీడు. కొత్త విండోస్‌లలో పవర్‌షెల్ అనే ఆదేశాల తెర ద్వారా ఆ ఒక్క షేరుకు (నెట్‌వర్క్‌లో పంచుకున్న ఫోల్డరుకు) లీజింగ్ మోడ్‌ను ‘నన్’ అని పెట్టవచ్చు. డేటా ఫోల్డరుకు విడిగా ఒక షేరు చేసి దానికి మాత్రమే ఇది పెట్టండి. వైఫై మీద ఈ రకం ప్రోగ్రాములు నడపవద్దు. ఒక్క క్షణం తెగినా సగం రాసిన ఇండెక్సు మిగులుతుంది.

ప్రింటింగ్‌కు వస్తే, ప్రోగ్రాము చేసేది చాలా సరళం. అక్షరాలను వరుసగా ఎల్‌పీటీ1కు పంపుతుంది, మధ్యమధ్యలో ప్రింటర్‌కు అర్థమయ్యే నియంత్రణ కోడ్‌లు పంపుతుంది. ఉదాహరణకు 15వ నంబరు కోడ్ పంపితే ఎప్సన్ రకం డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ అక్షరాల్ని దగ్గరగా నొక్కుతుంది. అంగుళానికి 10 అక్షరాలు పడేచోట 17 పైచిలుకు పడతాయి. అందుకే అడ్డంగా 80 అక్షరాలు పట్టే కాగితం మీద 130కి పైగా అక్షరాల వెడల్పున్న పట్టిక పట్టేది. 18వ కోడ్ పంపితే మామూలు స్థితికి వస్తుంది. నేటి చవక లేజర్, ఇంక్‌జెట్ ప్రింటర్లలో చాలావాటికి ఈ భాష తెలియదు. విండోస్ బొమ్మగా గీసి ఇస్తే మాత్రమే అవి అచ్చువేస్తాయి. పాత ప్రోగ్రాము పంపే ముడి అక్షరాలు నేరుగా వెళ్తే కాగితం కదలదు, లేదంటే పిచ్చి గీతలు పడతాయి.

మీరు అదృష్టవంతులైతే మీ డాట్ మ్యాట్రిక్స్ ఇంకా బతికే ఉంటుంది. అప్పుడు దాన్ని విండోస్‌లో ‘జెనెరిక్ టెక్స్ట్ ఓన్లీ’ డ్రైవరుతో చేర్చి, షేర్ చేసి, నెట్ యూజ్ ఆదేశంతో ఎల్‌పీటీ1ను ఆ షేరుకు కలపండి. డాస్‌బాక్స్-ఎక్స్‌లో మొదటి ప్యారలల్ పోర్టును విండోస్ ఎల్‌పీటీ1కు మళ్లించే అమరిక ఉంది. కోడ్‌లన్నీ యథాతథంగా వెళ్తాయి, బిల్లు ఎప్పటిలాగే వస్తుంది. కార్బన్ ప్రతులు కావలసినవారికి ఇంతకంటే మంచి దారి లేదు.

లేజర్ మీదే కావాలంటే ఎమ్యులేటరే ప్రింటర్ పాత్ర వహించాలి. డాస్‌బాక్స్-ఎక్స్ ఎప్సన్ భాషను అర్థం చేసుకుని పేజీని గీసి విండోస్ ప్రింటరుకు అందిస్తుంది. వీడాస్ కూడా తన పద్ధతిలో ఇదే చేస్తుంది. ఇక్కడ మూడు చిక్కులు ఎదురవుతాయి. ఒకటి, పేజీ పొడవు. పాత ప్రోగ్రాములు 11 అంగుళాల కాగితాన్ని, అంగుళానికి 6 పంక్తుల చొప్పున 66 పంక్తులని లెక్కవేస్తాయి. లేజర్ ప్రింటర్ పైనా కిందా అంచు వదులుతుంది కాబట్టి చివరి పంక్తులు రెండో కాగితం మీదికి జారుతాయి. పంక్తుల ఎడాన్ని కొంచెం తగ్గించండి, లేదా ప్రోగ్రాములో పేజీ పంక్తుల సంఖ్య మార్చే చోటు ఉందేమో చూడండి. రెండోది, కొన్ని ప్రోగ్రాములు చివర్లో ఫామ్ ఫీడ్ (పేజీ అయిపోయింది, కాగితాన్ని తోసేయమనే కోడ్) పంపవు, ఖాళీ పంక్తులతో సరిపెడతాయి. ఎమ్యులేటర్ ఇంకా అక్షరాలు వస్తాయని ఎదురుచూస్తూ పేజీని తన దగ్గరే పెట్టుకుంటుంది. ఇన్ని మిల్లీసెకన్లు ఏమీ రాకపోతే పేజీ ముగించు అని చెప్పే టైమవుట్ అమరిక దీనికోసమే. మూడోది, పట్టికల గీతల చోట చుక్కలు తగిలించిన వింత లాటిన్ అక్షరాలు రావడం. ప్రోగ్రాము కోడ్ పేజీ 437 (డాస్ వాడిన అక్షరాల పట్టిక) ప్రకారం గీత గుర్తును పంపుతుంటే, మధ్యలో ఎవరో దాన్ని విండోస్ పట్టిక ప్రకారం చదువుతున్నారన్నమాట. కోడ్ పేజీని 437కు మార్చి, గీతల గుర్తులున్న సమాన వెడల్పు ఫాంటు ఎంచుకుంటే సర్దుకుంటుంది.

వేగం గురించి ఒక్క మాట. డాస్‌బాక్స్ వంశపు ఎమ్యులేటర్లలో మిల్లీసెకనుకు ఎన్ని ఆదేశాలు నడపాలో చెప్పే సైకిల్స్ అనే అమరిక ఉంటుంది. మూల డాస్‌బాక్స్‌లో అది ‘ఆటో’గా ఉంటే రియల్ మోడ్ ప్రోగ్రాములకు 3000 దగ్గరే ఆగుతుంది. ఆటలకు అది సరైన వేగమే గానీ, పెద్ద ఖాతాల ఇండెక్సు కట్టేటప్పుడు మనిషి ఓపిక నశిస్తుంది. పెంచి చూడండి. అయితే మరీ పెంచితే వేరే జబ్బు బయటపడుతుంది. టర్బో పాస్కల్‌లో రాసిన ప్రోగ్రాములు మొదలవుతూనే ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అని ఆగిపోవడం చాలామంది చూసే ఉంటారు. గడియారం ఒక టిక్కు వేసే 55 మిల్లీసెకన్లలో ఒక లూపు ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ ప్రోగ్రాము లెక్కపెట్టి, 55తో భాగిస్తుంది. యంత్రం మరీ వేగంగా ఉంటే భాగఫలం 16 బిట్లలో పట్టదు, ప్రాసెసర్ ఎర్రర్ ఇస్తుంది. పాత ఫాక్స్‌ప్రో ప్రోగ్రాములకూ ఇలాంటి భాగహార దోషమే ఉంది. సైకిల్స్ తగ్గిస్తే మాయమవుతుంది. ఇక ‘డిస్కులో చోటు లేదు’ అని అబద్ధం చెప్పే ప్రోగ్రాములకు, వందల గిగాబైట్ల ఖాళీని చదవగలిగేంత పెద్ద అంకె లేదు. మౌంట్ చేసేటప్పుడు ఫ్రీసైజ్ కింద కొద్ది వందల మెగాబైట్లే చూపిస్తే ఊరుకుంటాయి.

ఎమ్యులేటర్లేవీ కుదరకపోతే వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్, ఉంది. 64 బిట్ విండోస్ మీద వర్చువల్‌బాక్స్ లేదా హైపర్-వీ పెట్టి, లోపల 32 బిట్ విండోస్ నిలబెడితే అందులో ఎన్‌టీవీడీఎం పనిచేస్తుంది. విండోస్ 7లో మీ ప్రోగ్రాము చూసిన లోకమే మళ్లీ కనిపిస్తుంది, లాకింగూ నెట్ యూజూ అన్నీ విండోస్‌వే. ఖరీదు మరోచోట ఉంది. లోపలి విండోస్‌కు లైసెన్సు కావాలి, దాని భద్రతా నవీకరణలు ఆగిపోయాయి. విండోస్ 10కు కూడా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందుకని ఆ వర్చువల్ మెషీన్‌కు ఇంటర్నెట్ ఇవ్వకండి, డేటా ఉన్న షేరుకు మాత్రమే దారి ఇవ్వండి. ఫ్రీడాస్ పెట్టుకునే వీలూ ఉంది, 1994 నుంచి సాగుతున్న మంచి ఉచిత డాస్ అది. కానీ దానిలోంచి నేటి విండోస్ నెట్‌వర్కుకు కలపడం కష్టం, మీ ముగ్గురి అవసరానికి సరిపడదు. కొత్త యంత్రాన్నే నేరుగా డాస్‌తో బూట్ చేద్దామంటే, డాస్ బూట్ కావడానికి కావలసిన పాత బయోస్ పద్ధతిని అనుకరించే సదుపాయం నేటి యంత్రాల్లో చాలావాటికి లేదు.

ఒక్క పరిస్థితిలో మాత్రం నిక్కచ్చిగా వద్దంటాను. ప్రోగ్రాముకు ప్యారలల్ పోర్టు డాంగిల్ (ఆ పోర్టుకు తగిలిస్తేనే ప్రోగ్రాము నడిచే తాళం చెవి లాంటి పరికరం) ఉంటే యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు మార్చే తీగ కొనకండి. అలాంటి తీగలు సాధారణంగా ప్రింటర్లకు మాత్రమే పనికొస్తాయి. డాంగిల్ వెతికే పోర్టు చిరునామా వాటిలో ఉండదు. ప్యారలల్ పోర్టు ఉన్న పాత యంత్రమొకటి సంపాదించి, దాన్ని ఆ పనికే ఉంచడం మేలు. సీరియల్ పోర్టుకు తగిలే తూకం యంత్రాల వంటివాటికి ఈ బాధ లేదు. యూఎస్‌బీ సీరియల్ తీగ కామ్ పోర్టుగా కనిపిస్తుంది, డాస్‌బాక్స్ దాన్ని నేరుగా ప్రోగ్రాముకు అందించగలదు.

ఇదంతా నడుస్తుండగానే మరో పని మొదలుపెట్టండి. మీ ఖాతాలు డీబీఎఫ్‌లో ఉన్నాయంటే అవి తాళం వేసిన పెట్టెలో లేవు. లిబర్ ఆఫీస్ కాల్క్ ఆ ఫైళ్లను నేరుగా చదువుతుంది. కాపీని మాత్రమే తెరవండి, అసలు ఫైలు మీద ఎప్పుడూ సేవ్ చేయకండి. చేస్తే ఫీల్డుల వెడల్పులు మారవచ్చు, ఇండెక్సులకు ఫైలుకు పొంతన పోతుంది. ఏ ఫైలులో ఏముందో, ఏ సంకేతానికి అర్థమేమిటో ప్రోగ్రామును రోజూ వాడినవాళ్లు దగ్గరుండగానే రాయించుకోండి. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచిన చోట్లుంటే అవి కూడా గుర్తించండి. ఎప్పుడైనా కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారాలంటే ఈ కాగితాలే మీకు ఆధారం. ప్రోగ్రామును కాపాడుకోవడం కంటే దాని లోపలి అర్థాన్ని కాపాడుకోవడం అత్యవసరమని నా నమ్మకం.

ముందు వీడాస్‌లో ఒక్క యంత్రం మీద ప్రోగ్రాము తెరిచి, పాత సంవత్సరపు లెడ్జరును, ట్రయల్ బ్యాలెన్సును ముద్రించి, మీ దగ్గరున్న పాత ముద్రణతో పోల్చండి. అంకెలు కలిశాక రెండు యంత్రాల లాకింగ్ పరీక్ష చేయండి. అక్కడ ఏదైనా ఆగితే తెర మీద వచ్చిన సందేశాన్ని అక్షరం మార్చకుండా, పాత కాన్ఫిగ్.ఎన్‌టీ, ఆటోఎగ్జెక్.ఎన్‌టీలలో ఉన్న పంక్తులతో కలిపి రాయండి. ప్రింటర్ మోడల్ కూడా చెబితే దానికి తగిన అమరికలు రాసి ఇస్తాను.